పల్లెటూళ్ళో వాద్య కచేరీలకి జనం వస్తారా? కోనసీమలో సంగీతోత్సవం పెట్టాలనుకునేవారికి నా జవాబు

మీరు రాసింది కుదించి చెప్తే ఇదీ: మీది అమలాపురం దగ్గర పల్లెటూరు, ఉద్యోగం హైదరాబాదులో. తాతగారు వీణ వాయించేవారు, ఆ వీణ ఇప్పటికీ ఇంట్లో ఉంది. ఆయన పేరు మీద ఊళ్ళో శివాలయం దగ్గర మూడు రోజుల పాటు వాద్య కచేరీలు మాత్రమే పెట్టాలని మీ కోరిక. ఊళ్ళో పెద్దలేమో "పాట లేకుండా ఉత్త వాయిద్యాలు ఎవరు వింటారు బాబూ, ఆర్కెస్ట్రా పెట్టించు" అంటున్నారు. జనం వస్తారా, ఎప్పుడు పెట్టాలి, ఏ వాద్యాలు పిలవాలి, ఖర్చు ఎలా వేసుకోవాలి అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను, సోది తర్వాత. పెట్టండి, వస్తారు. అయితే మూడు రోజులు వద్దు, మొదటి ఏడాది రెండు సాయంత్రాలు చాలు. పెద్ద షామియానా వద్దు, నూట యాభై రెండొందల మంది దగ్గర దగ్గరగా కూర్చునే చోటు చూడండి. పెద్ద పేరున్న విద్వాంసుడి కోసం దాచిన డబ్బులో కొంత తీసి సౌండు మీద పెట్టండి. వాద్యం దగ్గరగా కూర్చుని వినాల్సిన సంగీతం. కింద నేను రాసేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

నేనెవరంటే, డెల్టాలోనే ఒక చిన్న టౌన్లో ఇరవై రెండేళ్ళుగా ఏటా ఇలాంటి ఉత్సవం నడిపే నలుగురైదుగురిలో ఒకణ్ణి. చిన్నప్పుడు ఏడేళ్ళు వయొలిన్ నేర్చుకుని, కచేరీ స్థాయికి రాలేక వదిలేశాను. అంచేత వేదిక మీద కంటే వేదిక కిందే ఎక్కువ తిరిగాను. కుర్చీలు వేయించడం, ఆర్టిస్టుల్ని రాజమండ్రి స్టేషన్ నుంచి తీసుకురావడం, మైకు సెట్టు కుర్రాడితో తగువు పడటం, ఇవీ నా విద్యలు.

"పాట లేకపోతే ఎవరు వింటారు" అనే మాట గురించి

అన్నవాళ్ళ మీద కోపం తెచ్చుకోకండి, అలాగని నమ్మేయకండి. వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి గారు 1922లో పుట్టింది మీకు దగ్గర్లోని ద్రాక్షారామంలో. ఆయన శిష్యుడు చిట్టిబాబు గారిది కాకినాడ. పిఠాపురం సంస్థానంలో తుమరాడ సంగమేశ్వర శాస్త్రి గారి వీణ మోగింది. ఇటు పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, మాండలిన్ అనే పరాయి వాయిద్యానికి ఉండే నాలుగు జతల తీగలు తీసేసి, అయిదు ఒంటి తీగలు కట్టి, పసితనంలోనే దాన్ని కర్ణాటక కచేరీ వేదిక ఎక్కించాడు. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారిని గాయకుడిగానే తలుచుకుంటాం గానీ ఆయన వయొలిన్, వయోలా కూడా వాయించేవారు. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారికి 2021లో, తొంభై దాటాక, పద్మశ్రీ వచ్చింది. ఇంతమంది వాయించేవాళ్ళు పుట్టిన చోట వినేవాళ్ళు లేరంటే నేను ఒప్పుకోను.

కానీ పెద్దల మాటలో కొంత నిజం ఉంది. కర్ణాటక సంగీతంలో వాద్యం కోసమే చేసిన రచనలు తక్కువ. వీణ మీదైనా వేణువు మీదైనా వాయించేది త్యాగరాజ కృతే, దీక్షితుల కృతే. గాత్రంలో మాట ఎక్కడ పడుతుందో వీణ మీద మీటు అక్కడ పడుతుంది. మాట తెలిసినవాడికి వీణ పాడుతున్నట్టే ఉంటుంది. తెలియనివాడికి ఎంతసేపూ ఒకటే రాగం సాగుతున్నట్టుంటుంది. ఉత్తరాది సితారు, సరోద్‌లకి ఈ బాధ లేదు. వాళ్ళ గత్‌కి, అంటే వాద్యం కోసమే కట్టిన వరసకి, సాహిత్యంతో పనిలేదు. ఆలాప్, అంటే రాగాన్ని మెల్లగా విప్పడం, నిదానంగా మొదలై చివర ఝాలా అనే ముగింపుకి వచ్చేసరికి వేగం అందుకుంటుంది కాబట్టి ఏమీ తెలియనివాడు కూడా దాన్ని పట్టుకుని వెళ్ళిపోతాడు.

దీనికి మేం కనిపెట్టిన మందు చాలా చవక. మా ఊళ్ళో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఉన్నారు. గొంతు గొప్పదేం కాదు, శ్రుతిలో మాత్రం ఉంటుంది. ప్రతి కృతికి ముందు ఆయన లేచి పల్లవి ఒక్కసారి పాడి, దాని అర్థం రెండు వాక్యాల్లో చెప్పి కూర్చుంటారు. అంతే. ఆ తర్వాత వీణ మీద అదే పల్లవి వస్తే ముందు వరసలో ఆడవాళ్ళ పెదవులు కదలడం నేను చూశాను. రామదాసు కీర్తన ఒకటి, నారాయణ తీర్థుల తరంగం ఒకటి కార్యక్రమంలో ఉండేలా విద్వాంసుల్ని ముందే అడగండి, భజన చేసే ఊళ్ళో అవి అందరికీ వస్తాయి. ఒక్క జాగ్రత్త: ఆ చెప్పేవారికి ఒక్క నిమిషం అని గట్టిగా చెప్పాలి. ఒక ఏడు మా మాస్టారు ఉత్సాహం పట్టలేక అర్థంతో పాటు అలంకారాలు, ఛందస్సు కూడా చెప్పుకొచ్చారు. ఎనిమిది నిమిషాలు. వేణువాయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు పాపం.

ఇంకో సంగతి. వీణ విద్వాంసుల్ని పిలిస్తే తానం (రాగం ఎత్తుకున్నాక, పల్లవికి ముందు వచ్చే భాగం) కాస్త ఎక్కువ సేపు వాయించమని అడగండి. తానానికి వీణని మించింది లేదని మా గురువుగారు అనేవారు. అందులో తాళం లేకపోయినా నడక ఉంటుంది, దానికి సంగీతం తెలియనివాళ్ళ కాళ్ళు కూడా ఆడతాయి. తని ఆవర్తనం, అంటే మృదంగం, ఘటం వాళ్ళు మాత్రమే వాయించే భాగం, దాని సంగతి చెప్పక్కర్లేదు. పట్నాల్లో తని మొదలవగానే కాఫీకి లేచిపోతారు. మన దగ్గర బయట నిలబడ్డవాళ్ళు కూడా లోపలికొస్తారు. కోలాటాలు, గరగలు, తీర్థాల్లో డప్పులు విని పెరిగిన చెవులు కదా.

దగ్గరగా కూర్చోబెట్టడం

మా మొదటి ఏడాది కథ చెప్తాను. హైస్కూల్ గ్రౌండులో పెద్ద పందిరి, వెయ్యి కుర్చీలు, రెండు పక్కలా మనిషి ఎత్తున స్పీకర్లు. వీణ కచేరీ. మైకు కుర్రాడికి అలవాటైంది పెళ్ళిళ్ళ డీజే కాబట్టి బేస్ పెంచాడు, ఎకో పెట్టాడు. మృదంగం దెబ్బకి కుర్చీలు అదిరాయి, వీణ మాత్రం తగరం డబ్బా మీద గీకినట్టు వినిపించింది. అరగంటలో సగం మంది లేచిపోయారు. నాకు ఆ చలిలో కూడా చెమటలు పట్టాయి.

అప్పుడు కరెంటు పోయింది. జనరేటరు స్టార్టు కాలేదు. విద్వాంసురాలు మాత్రం ఆపలేదు. ఎవరో పెట్రోమాక్స్ లైటు తెచ్చి వేదిక మీద పెట్టారు. వినబడక జనం కుర్చీలు వదిలేసి ముందుకొచ్చి, వేదిక చుట్టూ నేల మీద కూర్చున్నారు. ఒక వంద మంది ఉంటారేమో. ఇరవై నిమిషాలు, ఒక్క దగ్గు లేదు. మీటు తర్వాత తీగ మీద వేలు జారే చప్పుడు కూడా వినబడింది. కరెంటు రాగానే కుర్రాడు మళ్ళీ పెంచబోతే, ముందు కూర్చున్న ఒక బట్టల కొట్టాయన వెనక్కి తిరిగి "ఆపరా బాబూ నీ గోల" అని కసిరాడు. ఆయన అంతకు ముందెప్పుడూ కచేరీ విన్నవాడు కాదు.

మరుసటి ఏడాది నుంచి మేం కల్యాణ మండపంలోకి మారిపోయాం. వేదిక ఎత్తు రెండడుగులు మించదు. ముందంతా జంపఖానాలు, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి వెనకా పక్కలా కుర్చీలు. మీ శివాలయం ముందు ముఖమండపం ఉంటే అంతకంటే మంచి చోటు లేదు. రాతి గచ్చు అయితే కిందా వెనకా దళసరి బట్టలు వేయించండి, లేకపోతే చప్పుడు తిరిగి కొడుతుంది.

సన్నాయి మేళం: నేను చేసిన తప్పు

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, మిమ్మల్నలా చేయనివ్వకూడదని.

వాద్య సంగీతోత్సవం అనగానే మనకి వీణ, వయొలిన్, వేణువు గుర్తొస్తాయి. ఊళ్ళో తరతరాలుగా గుడికి వాయిస్తున్న సన్నాయివాళ్ళు గుర్తురారు. గుర్తొచ్చినా "మంగళవాద్యం" అని కరపత్రంలో ఒక లైను వేసి, గేటు దగ్గర కూర్చోబెడతాం. మేమూ అదే చేశాం. సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా, కుర్చీలు సర్దుతున్నప్పుడు, "హలో, మైక్ టెస్టింగ్" అని అరుస్తున్నప్పుడు, వాళ్ళు వాయించారు. మూడేళ్ళు ఇలాగే జరిగింది. నాలుగో ఏడు పిలవడానికి వెళ్తే పెద్ద సన్నాయి ఆయన మర్యాదగానే అన్నాడు: "వస్తామండి. కానీ మేం తోడి రాగం ఎత్తుకున్నప్పుడు మీరు కుర్చీలు లెక్కపెడుతున్నారండి." నాకు నోట మాట రాలేదు.

ఆ ఏడాది నుంచి మొదటి సాయంత్రం మొదటి పూర్తి కచేరీ వాళ్ళదే. గంటన్నర. రెండు సన్నాయిలు, రెండు డోళ్ళు. కరపత్రంలో మిగతా విద్వాంసులతో సమానంగా పేర్లు, అదే సైజు అక్షరాలు. సన్మానం కూడా అదే శాలువా. మా ఊళ్ళో జనం ఎక్కువగా వచ్చే కచేరీ ఇప్పుడది, ఎందుకంటే తమ పెళ్ళికి వాయించినవాళ్ళు రాగం తానం పల్లవి వాయిస్తుంటే చూడ్డానికి వస్తారు. మన తెలుగు నేల మీది సన్నాయి ఎంత దూరం వెళ్ళగలదో చెప్పాలంటే షేక్ చినమౌలానా గారు చాలు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వరానికి పుట్టిల్లు అనుకునే తమిళదేశంలో గౌరవం సంపాదించారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు.

సన్నాయికి మైకు పెట్టకండి. అది ఆరుబయట ఊరేగింపులో వినిపించడానికి పుట్టిన వాద్యం. మండపంలో కాకుండా గుడి ఆవరణలో, చెట్టు కింద, గాలిగోపురం ముందు పెట్టండి. జనం చుట్టూ కూర్చుంటారు. అది అయ్యాక అందరూ లోపలికెళ్ళి వీణ వింటారు. పెద్ద చప్పుడు బయట, చిన్న చప్పుడు లోపల. తిరగేస్తే రెండూ చెడతాయి.

ఎప్పుడు పెట్టాలి

మన డెల్టాలో జూలై, ఆగస్టు అంటే వరద భయం. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు, 1996 నవంబరు 6 రాత్రిని కోనసీమవాళ్ళకి నేను గుర్తుచేయక్కర్లేదు. డిసెంబరంతా పేరున్న కళాకారులు మద్రాసు సీజన్లో ఉంటారు. మార్చి పరీక్షలు, ఆ తర్వాత ఎండలు. మాఘం, ఫాల్గుణం పెళ్ళి ముహూర్తాలు. మండపం దొరకదు, సన్నాయివాళ్ళు దొరకరు, పక్క వీధిలో డీజే.

మిగిలింది పుష్య మాసం. మేం పెట్టేది అప్పుడే. పుష్య బహుళ పంచమి త్యాగరాజ ఆరాధన అయ్యాక, అమావాస్య లోపు. శూన్యమాసం కాబట్టి పెళ్ళిళ్ళుండవు. "శూన్యమాసంలో శుభకార్యమేమిటి" అని మీ ఊళ్ళో ఎవరైనా అంటే, త్యాగరాజస్వామి ఆరాధన పుష్యంలో కాదా అనండి, మా ఊళ్ళో ఆ మాటతోనే ఊరుకున్నారు. కొన్నేళ్ళు ఆరాధన సంక్రాంతికి ముందే వచ్చేస్తుంది. అప్పుడు పండగ వెళ్ళాక అమావాస్యకి మూడు నాలుగు రోజులే మిగలొచ్చు, కాబట్టి పంచాంగం చూసి ఆర్నెల్ల ముందే తేదీ ఖాయం చేసుకోండి. చందాలు మాత్రం సంక్రాంతికి ముందే వసూలు చేసుకోండి. కోడి పందేలయ్యాక అడిగితే ఏమొస్తుందో మీకు తెలుసు.

ఆ రోజుల్లో ఒకటే ఇబ్బంది, మంచు. ఏడు దాటితే మన కాలవల పక్కన చెమ్మ దిగుతుంది. మృదంగం చర్మం చెమ్మకి సాగి శ్రుతి దిగిపోతుంది. ఆరుబయట పెడితే మృదంగం ఆయన ప్రతి కృతికీ మధ్య రాయీ కర్రా పట్టుకుని బిగించుకుంటూనే ఉంటాడు. పైకప్పున్న చోటు తీసుకోమని చెప్పడానికి ఇది రెండో కారణం.

ఏ వాద్యాలు, ఏ వరసలో

రెండు సాయంత్రాలంటే నాలుగు కచేరీలు, మహా అయితే అయిదు. నా ఎంపిక: మొదటి రోజు సన్నాయి మేళం, తర్వాత వీణ. రెండో రోజు వేణువు, తర్వాత వయొలిన్ లేదా మాండలిన్. రెండో ఏడాదికి నిలదొక్కుకున్నాక సితారో, షెహనాయో తీసుకురండి. జుగల్బందీ ఇప్పుడే వద్దు. ఇద్దరు విద్వాంసులు ముందు రోజు కూర్చుని సాధన చేసుకోకపోతే అది సంగీతం కాదు, పందెం అవుతుంది. జనం చప్పట్లు కొడతారు నిజమే, కోడిపుంజులకీ కొడతారు.

వరస విషయంలో కొత్తవాళ్ళకి తెలియనిది శ్రుతి లెక్క, అంటే ఆధార స్వరం ఎంత ఎత్తులో ఉందో చెప్పే అంకెలు. వీణ సాధారణంగా రెండున్నర, మూడు శ్రుతిలో ఉంటుంది. వేణువు చాలామంది అయిదు ఆ చుట్టుపక్కల వాయిస్తారు. వెదురు కాబట్టి తిప్పి సరిచేసుకోవడానికి బిరడాలు ఉండవు, ఆ శ్రుతికి ఆ వేణువే. మృదంగాన్ని కొట్టి కొద్దిగా పైకీ కిందకీ తేవచ్చు గానీ మూడు నుంచి అయిదుకి లాగితే వార్లు తెగుతాయి. కాబట్టి ఒకే రోజు వీణ, వేణువు రెండూ పెట్టి ఒకే మృదంగ విద్వాంసుణ్ణి పిలిస్తే, ఆయన రెండు మృదంగాలు తెచ్చుకోవాలి. ఈ సంగతి పిలిచేటప్పుడే చెప్పాలి. స్టేజి ఎక్కాక కాదు. ఘటానికీ అంతే, కుండ ఏ శ్రుతికి కాలితే ఆ శ్రుతే.

మృదంగం ఆయన అడిగేలోపే ఒక గిన్నెలో గుప్పెడు బొంబాయి రవ్వ, చెంబుడు నీళ్ళు గ్రీన్ రూములో పెట్టండి. ఎడమ వైపు తొప్పికి రవ్వ ముద్ద పెడతారు. ఇప్పుడు కొందరు దాని బదులు సిలికాన్ అంటిస్తున్నారు, అయినా రవ్వ అడిగేవాళ్ళున్నారు. ఒకసారి రాత్రి ఏడింటికి రవ్వ కోసం మా వాడు మూడు కొట్లు తిరిగి ఇడ్లీ రవ్వ తెచ్చాడు. అది పనికిరాదు. వేదిక మీద టేబుల్ ఫ్యాన్లు పెట్టకండి. రవ్వ ముద్ద ఎండిపోతుంది, వేణువు మైకులో గాలి హోరు వస్తుంది.

సౌండు

చిన్న హాలు, చిన్న స్పీకర్లు. రెండు మంచి బాక్సులు, కళాకారులకి తమది తమకి వినబడేలా ఒక మానిటరు. ఎకో, రివర్బ్ పూర్తిగా కట్. మృదంగం వాల్యూమ్ ప్రధాన వాద్యం కింద ఉండాలి. వీణకి మామూలు మైకు కుండకి, అంటే గుండ్రటి డొల్ల భాగానికి, ఎదురుగా, దగ్గరగా పెట్టండి. విద్వాంసులకి వాద్యానికే అంటించే సొంత కాంటాక్ట్ మైకు ఉంటే అదీ కలపొచ్చు గానీ దాన్నొక్కదాన్నే వాడితే నాదంలో కండ పోతుందని నా అభిప్రాయం. చాలామంది విద్వాంసులు ఒప్పుకోరు, వాళ్ళ మాటే వినండి. వయొలిన్‌కి పై నుంచి ఓ అడుగు దూరంలో, వేణువుకి ఊపిరి నేరుగా తగలకుండా కాస్త పైన.

ఎర్తింగ్ సరిగా లేకపోతే స్పీకర్లలో గుయ్యిమని ఒక మోత వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, ఆ మోత అయిదు శ్రుతికి కొంచెం పైన పడుతుంది. వేణువాయన షడ్జమం (స) పక్కనే ఇంకో తప్పుడు షడ్జమం మోగుతున్నట్టుంటుంది. మా వేణు విద్వాంసుడొకాయన దాన్ని "మీ ఊరి తంబురా" అని వెక్కిరించాడు. అంచేత కచేరీ రోజు పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. జనరేటరు గుడి వెనకాల, వీలైనంత దూరంలో.

మైకుకి పోలీసు అనుమతి తీసుకోవడం మర్చిపోకండి. రాత్రి పదికి ఆపేయాలి, అది రూలు. ఆరున్నరకి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకి మంగళం పాడేలా వేసుకుంటే ఆడవాళ్ళు, పిల్లలు చివరిదాకా ఉంటారు.

ప్రయాణంలో వాద్యం

వీణ మెట్లు మైనంలో కూర్చుంటాయి. ఇరవై నాలుగు మెట్లు, వేడి తగిలితే మెత్తబడి జరుగుతాయి. ఒకసారి రాజమండ్రిలో దిగిన విద్వాంసురాలిని మా కారులో తెస్తూ రావులపాలెంలో భోజనానికి ఆగాం. కారు ఎండలో, అద్దాలు మూసి. జనవరే కదా అనుకున్నాం. సాయంత్రం శ్రుతి చేస్తుంటే పై స్థాయిలో రెండు మెట్లు కుంగినట్టు తేలింది. ఆవిడ ఒక్క మాట అనకుండా, మర్నాటి వేణువు కచేరీని ఆ రోజుకి మార్చమని అడిగి, రాత్రి తనే కూర్చుని సరిచేసుకున్నారు. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. వీణతో పాటు మనిషి ఉండాలి, వీణ నీడలో ఉండాలి. రైల్లో అయితే దానికీ ఒక బెర్తు బుక్ చేయండి. అమలాపురానికి రైలు లేదు కాబట్టి రాజమండ్రి నుంచి కారు ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

గాలి వాద్యాలవాళ్ళు కచేరీకి ముందు తినరు, మన పెసరట్టు ఉప్మా మర్యాద కచేరీ అయ్యాకే చేయండి. వెళ్ళేటప్పుడు ఆత్రేయపురం పూతరేకులు ఇస్తే మళ్ళీ పిలిచినప్పుడు ఫోనులోనే నవ్వు వినబడుతుంది.

డబ్బు, మనుషులు

అంకెలు ఏటికేడు మారతాయి కాబట్టి వాటాలు చెప్తాను. మేం నూటికి నలభై అయిదు కళాకారులకి, ఇరవై సౌండుకి, పదిహేను ప్రయాణాలు, బసకి, పది భోజనాలకి, పది కరపత్రాలు, లైట్లు, మిగతా చిల్లరకి అనుకుని మొదలుపెడతాం. చివరికి భోజనాలే పెరుగుతాయి. టిక్కెట్టు పెట్టకండి.

పక్కవాద్యాలవాళ్ళకి డబ్బు విడిగా, వాళ్ళ చేతికే ఇవ్వండి. మొత్తం ప్రధాన కళాకారుడికి ఇచ్చి మీరు మీరు చూసుకోండి అనడం మాలాంటి సభల్లో పాత అలవాటు. మృదంగం, ఘటం వాళ్ళకి ఏం అందిందో మనకి తెలియదు. ఈ పద్ధతి మానేశాక, మా ఉత్సవానికి మంచి మృదంగ విద్వాంసులు పక్క జిల్లా పిలుపు వదులుకుని కూడా వచ్చారు.

కళాకారుల్ని వెతకడానికి ఫేస్‌బుక్ కంటే పాత దారే నయం. ఆకాశవాణిలో గ్రేడు ఉన్నవాళ్ళు మన జిల్లాల్లోనే చాలామంది ఉన్నారు, బి హై, ఏ గ్రేడు అంటే కచేరీ నిలబెట్టగలరని ధైర్యం. రాజమండ్రి, విజయవాడ ప్రభుత్వ సంగీత విద్యాలయాల్లో, 1919 నుంచి ఉన్న విజయనగరం కళాశాలలో అడగండి. విజయనగరంలోనే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పారు, ఆ పరంపరవాళ్ళు ఇంకా వాయిస్తున్నారు. కాకినాడ సరస్వతీ గాన సభ లాంటి వందేళ్ళ సభలవాళ్ళని ఒకసారి కలిస్తే, మీరు ఏడాది కష్టపడి తెలుసుకునేది గంటలో చెప్తారు.

ఉపన్యాసాలు. దాతలకి వేదిక మీద కుర్చీ వేయాల్సిందే, తప్పదు. కానీ సన్మానాలన్నీ ఆఖరి రోజు ఆఖరి కచేరీకి ముందు పదిహేను నిమిషాల్లో ముగించండి. రెండు కచేరీల మధ్య మైకు ఒక నాయకుడి చేతికి వెళ్ళిందంటే, బిగించిన తీగలన్నీ మళ్ళీ మొదటి నుంచి శ్రుతి చేసుకోవాలి.

చివరగా మీ తాతగారి వీణ. వేదిక పక్కన ఫోటోతో పాటు దండేసి పెడదామనుకుంటున్నానని రాశారు. వద్దండి. దాన్ని ఇప్పుడే కిందకి దించి చూడండి. కుండకి పగులుందా, గుర్రం (తీగలు ఆనే చెక్క) సరిగా ఉందా, బిరడాలు తిరుగుతున్నాయా? మైనం ఎండి బీటలు వారే ఉంటుంది, మెట్లన్నీ తీసి కొత్తగా కూర్చోబెట్టాలి. అది బొబ్బిలి వీణ అయితే, అంటే కుండా దండీ ఒకే పనస దుంగలోంచి చెక్కినదైతే, బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఆ పని చేసే కుటుంబాలున్నాయి. వాళ్ళ చేతిలో పెట్టండి. కనీసం నాలుగు నెలలు టైమివ్వండి, కొత్త తీగలు కుదురుకోవడానికి ఇంకో నెల. మీ చుట్టుపక్కల వీణ నేర్చుకుంటున్న పిల్ల ఎవరో ఒకరు ఉంటారు, ఆ నెలంతా రోజూ ఆ వీణ మీద సాధన చేయించండి. మొదటి సాయంత్రం సన్నాయి అయ్యాక, పెద్ద విద్వాంసురాలు వేదిక ఎక్కే ముందు, ఆ అమ్మాయి దాని మీద ఒక వర్ణం, ఒక కృతి వాయించాలి. ఇరవై నిమిషాలు చాలు. మైకు కూడా అక్కర్లేదు.